ఎనిమిది అక్షరాల తాళం

విజయనగరంలో కాపురముండి శ్రీకాకుళంలో పాఠం చెప్పే నావంటివానికి, ప్రయోగశాలలోని కంప్యూటర్‌ను ఇంటి నుండి నడపగలగడం ఎంతో సుఖం. అక్కడి తెర మీది దృశ్యం ఇక్కడి తెర మీద కనిపిస్తుంది. ఇక్కడ నొక్కిన మీట అక్కడ పనిచేస్తుంది. ఇందుకు విరివిగా వాడే వి.ఎన్.సి. పద్ధతిని కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి-ఒరాకిల్ పరిశోధనాలయంవారు రూపొందించి 1998లో లోకానికిచ్చారు. దాని నియమావళి 2011లో ఆర్.ఎఫ్.సి. 6143 అనే పత్రంగా వెలువడినది. అందులోని సంకేతపదపు ఏర్పాటును గూర్చియే ఈ విమర్శ.

ముందు మెచ్చవలసినది మెచ్చుదాం. సంకేతపదం తీగ మీద ప్రయాణం చేయదు. అవతలి యంత్రం యాదృచ్ఛికమైన 16 బైట్లను ప్రశ్నగా పంపుతుంది. మన యంత్రం సంకేతపదాన్నే తాళపుచెవిగా చేసి, డి.ఇ.ఎస్. అనే రహస్యలిపిలో దానిని మార్చి జవాబు పంపుతుంది. అవతల వేసిన లెక్కతో అది సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. ఊహ చక్కనిదే.

చిక్కంతా తాళపుచెవిలో ఉన్నది. డి.ఇ.ఎస్. చెవి 8 బైట్లకు మించదు గనుక, సంకేతపదంలో మొదటి 8 అక్షరాలే లెక్కకు వస్తాయి. తక్కినవి కత్తిరింపుకు పోతాయి. విద్యార్థులకు ఊరి పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టుకొనే అలవాటున్నది గదా! విజయనగరం అని ఆంగ్లలిపిలో వ్రాస్తే 12 అక్షరాలు. ‘విజయనగ్’ దగ్గరనే ఎనిమిదీ నిండుతాయి. ఆపైన 2004 అని చేర్చినా, 2006 అని చేర్చినా తాళం ఒక్కటే. పాపం, ఆ పిల్లవాడు 16 అక్షరాల తాళం వేశాననుకొని నిద్రపోతాడు. తాళం పొట్టిదైనందుకు కాదు నా ఆక్షేపణ, పొట్టిదని చెప్పనందుకు.

చిన్న ఆంగ్లాక్షరాలు మాత్రమే వాడితే 8 అక్షరాల పదాలు సుమారు 20,883 కోట్లు. దారిలో పొంచి ప్రశ్ననూ జవాబునూ పట్టుకొన్నవాడు వాటిని ఇంటివద్ద తీరికగా సరిచూసుకోవచ్చును. సెకనుకు 10 కోట్ల పదాలు చూడగల యంత్రానికి అన్నీ ముగించడానికి 35 నిమిషాలు చాలు. అసలు డి.ఇ.ఎస్. చెవినే 1998 జూలైలో అమెరికాలో ఒక ప్రత్యేక యంత్రం 56 గంటలలో కనిపెట్టినది.

అంతకన్న పెద్ద లోపం, తలుపు తెరుచుకొన్న తరువాత ఏ రహస్యలిపీ లేకపోవడం. దిద్దే మార్కులు, కొట్టే ఇంకొక సంకేతపదం, అన్నీ బాహాటంగా పోతాయి. ఈ ఏర్పాటు బలహీనమనీ, నమ్మదగని మార్గాలకు ఉద్దేశించినది కాదనీ పత్రమే ఒప్పుకొన్నది. ఆ నిజాయితీ మెచ్చదగినదే గాని, దానిని చదివేదెవరు? సంకేతపదం అడిగే పెట్టె పక్కనే ఆ ముక్క వ్రాసి ఉండవలసినది.

మేము వి.ఎన్.సి. వాడే 5900 సంఖ్య ద్వారాన్ని బయటివారికి మూసి, తన యంత్రం నుండి వచ్చే పిలుపులకే పలికేటట్లు చేశాము. ఇంటి నుండి ముందుగా ఎస్.ఎస్.హెచ్. అనే రహస్య సొరంగం వేసుకొని, అందులోగుండా వెళుతున్నాము. వి.ఎన్.సి. సంకేతపదం ఇప్పుడు లోపలి గడియ మాత్రమే. తెర కొంచెం ఆలస్యంగా కదులుతున్నమాట నిజం. అది మా వీధి లైను మహిమ, సొరంగం తప్పు కాదు.