కవల సర్వర్లు, వేర్వేరు వేగాలు

సౌదీలోని ఖసీం ప్రాంతంలో ఉన్న ఉనైజాలో ఆగస్టు వచ్చిందంటే ఖర్జూరాల సీజన్ ఊపందుకుంటుంది. సుక్కరీ రకం మార్కెట్లో గుట్టలు పడుతుంది, వ్యాపారుల లెక్కల డేటాబేస్‌లూ దానితోపాటే పెరుగుతాయి. అలాంటి ఒక హోల్‌సేల్ సంస్థలో ఒకే మోడల్, ఒకే మెమరీ ఉన్న రెండు సర్వర్లున్నాయనుకుందాం. డేటా అదే, క్వెరీ అదే. ఒకదాంట్లో జవాబు అర సెకనులో వస్తే, రెండోదాంట్లో రెండు నిమిషాలు పడుతోంది. గల్ఫ్‌లో ఐటీ పని చూసే తెలుగువాళ్లకు ఇలాంటి ఫిర్యాదు కొత్త కాదు. "రెండూ ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకు?" అని అందరూ అడుగుతారు. నిజానికి రెండూ ఒకటేనన్న మాటనే ముందు రుజువు చేయాలి. ఆ రుజువు కోసం ఒక్కో పొరా విప్పి పోల్చే పద్ధతి డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లు దశాబ్దాలుగా సానపెట్టుకుంటూ వచ్చిన విద్య.

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించాడు. ఏం కావాలో మనం చెబితే చాలు, దాన్ని ఎలా తేవాలో డేటాబేస్ చూసుకుంటుందన్నది దాని సారం. ఆ 'ఎలా'ను ఎంచుకునే లెక్కను 1979లో ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు సిస్టమ్ ఆర్ అనే ఐబీఎం ప్రయోగాత్మక డేటాబేస్ కోసం రూపొందించి ప్రకటించారు. ఒక్కో దారికి ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టి, అన్నిటికన్నా చౌకైనదాన్ని తీసుకోవడం ఆ పద్ధతి. నేటి ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నీ ఆ బాటలో నడిచేవే. అందువల్ల వేగంలో ఇంత పెద్ద తేడా కనిపిస్తే యంత్రాల బలాన్ని శంకించే ముందు, అవి తీసుకున్న నిర్ణయాలను చూడాలి. చేయి తిరిగినవాళ్లు మొదట ఆ నిర్ణయాలను చూపే ప్లాన్ అడిగేది అందుకే.

పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఆదేశం ఇచ్చి, రెండు సర్వర్ల ప్లాన్లనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ప్రతి మెట్టు దగ్గరా అంచనా వేసిన వరుసల సంఖ్య, నిజంగా వచ్చిన సంఖ్య కనిపిస్తాయి. పది వరుసలే వస్తాయనుకుని నెస్టెడ్ లూప్ ఎంచుకున్నచోట నాలుగు లక్షలు వస్తే, రెండో టేబుల్‌లో నాలుగు లక్షలసార్లు వెతకాలి. ఆ రెండు నిమిషాలూ పోయేది అక్కడే. అంచనా ఎందుకు తప్పిందంటే, చాలాసార్లు స్టాటిస్టిక్స్, అంటే డేటా తీరు గురించి డేటాబేస్ దాచుకునే లెక్కలు, పాతబడినందుకే. మామూలు సెట్టింగుల ప్రకారం టేబుల్‌లో సుమారు పది శాతం వరుసలు మారితే తప్ప పోస్ట్‌గ్రెస్ తనంతట తాను వాటిని మళ్లీ సేకరించదు. కోటి వరుసల టేబుల్‌కు అది పది లక్షల మార్పులు. సీజన్ తొలి వారాల అమ్మకాలు ఆ గీత దాటకపోవచ్చు. పైగా 17వ వెర్షన్ వరకూ డంప్ తీసి వేరేచోట ఎక్కిస్తే డేటా వస్తుంది గానీ స్టాటిస్టిక్స్ వెంట రావు. కొత్త కాపీ ఎక్కించగానే అనలైజ్ నడపమని పాతకాపులు పట్టుబట్టేది ఇందుకే.

ప్లాన్లలోనే తేడా ఉన్నా స్టాటిస్టిక్స్ తాజాగానే ఉంటే, చూపు సెట్టింగుల మీదికి మళ్లాలి. ఉనైజాలో దీనికి ఒక స్థానిక కారణం కూడా ఉండవచ్చు. ఒక డేటాబేస్‌ను సీ లొకేల్‌తో (అక్షరక్రమాన్ని నిర్ణయించే సెట్టింగు ఇది), రెండోదాన్ని సౌదీ అరబిక్ లొకేల్‌తో సృష్టించారనుకుందాం. 'అబ్దుల్'తో మొదలయ్యే పేర్లు వెతికితే మొదటిది మామూలు ఇండెక్స్ వాడుకుంటుంది. రెండోదానికి అది పనికిరాదు కాబట్టి టేబుల్ మొత్తం చదువుతుంది. ఆ తరహా వెతుకులాటకు వేరే ఇండెక్స్ కట్టాలి. తెలుగు పేర్లకూ ఇదే వర్తిస్తుంది. ప్లాన్ ఒకటే అయి కాలం మాత్రం వేరైతే, పేజీలు మెమరీలో దొరికాయా, బయటినుంచి చదవాల్సి వచ్చిందా అన్నది చూడాలి. సార్టింగ్‌కు వర్క్ మెమరీ చాలక డిస్క్‌కు పోయిందా అన్నదీ ప్లాన్‌లోనే ఉంటుంది. దాని మామూలు పరిమితి 4 మెగాబైట్లే. హార్డ్‌వేర్ వంతు ఆ తర్వాత వస్తుంది. వేసవిలో 45 డిగ్రీల దాకా పోయే ఊళ్లో ఏసీ సరిగా అందని ర్యాక్‌లోని ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. రెయిడ్ కార్డు బ్యాటరీ చచ్చిపోతే రాతల క్యాష్ ఆగిపోయి ప్రతి రాతా డిస్క్ కోసం కాచుకుంటుంది. ఇవేవీ మోడల్ నంబరులో కనిపించవు.

ఇంత తతంగం దేనికి, పెద్ద సర్వర్ కొంటే పోదా అంటారు కొందరు. నాలుగు లక్షలసార్లు వెతికే పనిని రెట్టింపు వేగమున్న యంత్రం మీద పెడితే రెండు నిమిషాలు ఒక నిమిషమవుతుంది. సరైన ప్లాన్ పడితే పాత యంత్రం మీదే అది అర సెకను. రీస్టార్ట్ చేస్తే సరిపోతుందన్నది మరో మాట. ఒక్కోసారి సరిపోతుంది కూడా. కానీ క్యాష్ ఖాళీ అయి కాసేపు మరింత నెమ్మదించవచ్చు, పైగా కారణం ఆనవాళ్లు చెరిగిపోతాయి. ఆటోమేటిక్ ట్యూనింగ్ పరికరాలు ఉన్నాయన్న అభ్యంతరంలో ఎక్కువ బలముంది. 2016 నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉన్న క్వెరీ స్టోర్ పాత ప్లాన్లను దాచి, ఏది ఎప్పుడు మారిందో చూపిస్తుంది. అది గొప్ప సాయమే. అయితే ర్యాక్ వెనక ఉక్కపోతను అది చూడలేదు, లొకేల్ అలా ఎందుకు పెట్టారో చెప్పలేదు. పరికరం ఇచ్చిన జాబితాను చదివి, ఒకసారికి ఒక్కటే మార్చి, మార్చిన ప్రతిసారీ కొలిచి చూడటం మనిషి పనే.

ఒకసారికి ఒక్కటే మార్చమంటే ఆలస్యమనిపించవచ్చు. ఐదు సెట్టింగులు ఒకేసారి మార్చినవాడికి సమస్య పోయినా, దేనివల్ల పోయిందో తెలియదు. వచ్చే సీజన్‌లో అదే తిరిగొస్తే మళ్లీ మొదటికొస్తాడు. ఒక్కొక్కటిగా కొలిచి రాసిపెట్టినవాడి దగ్గర, ఆ రెండు సర్వర్లు ఎక్కడెక్కడ వేరో చెప్పే కాగితం మిగులుతుంది. ఐటీ అంతా ఒక్కరి భుజాల మీదే నడిచే చిన్న ఊరి సంస్థలో ఆ ఉద్యోగి వీసా ముగిసి ఇంటికి వెళ్లినా, తర్వాత వచ్చేవారికి ఆ కాగితం అక్కరకొస్తుంది. ఈ విద్యకున్న అసలు విలువ అదే. వేగం ఒక్కరోజు ఫలితం, నమోదైన కారణం సంస్థకు ఆస్తి. కొత్త సర్వర్‌కు ఆర్డరు పెట్టే ముందు రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చదివించడం యజమానులు ఒక నియమంగా పెట్టుకోవాలి.