వేళ్లు మళ్లీ నేర్చుకునే పని

దామరచర్ల లాంటి మండల కేంద్రాల్లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియో డిజైనర్లంటే నాకు ఎంతో గౌరవం. 2013లో అడోబీ కొత్త ఫొటోషాప్‌ను చందా పద్ధతికి మార్చింది. దాన్ని వదిలి, ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌కు మారడం మాటలు కాదు. లేయర్ కాపీకి కంట్రోల్-జె నొక్కే వేళ్లు కంట్రోల్-షిఫ్ట్-డి అలవాటు చేసుకోవాలి. బ్రష్‌కు ‘బి’ బదులు ‘పి’. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పెళ్లికూతురి పేరు యూనికోడ్ ఫాంటులోకి మార్చగానే పిచ్చి అక్షరాలైపోతుంది, కన్వర్టర్‌తో మార్చుకోవాలి, లేదా మళ్లీ కొట్టాలి. ఇన్ని చికాకుల్లోనూ పసుపు రాసిన ముఖం ఛాయ చెడనివ్వరు, జుట్టులో చిక్కిన తలంబ్రాల గింజను చెరిగిపోనివ్వరు. అసలైన పనితనం అక్కడే ఉంది. ఈసారి ఆల్బమ్ తెచ్చుకునేటప్పుడు, అది చేసిన మనిషిని పలకరించి ఓ మంచి మాట చెప్పి రండి.