స్వపరిపాలనమునకు మూలమెయ్యది?
(ఒక యుపన్యాసముపై విమర్శ)

స్వపరిపాలనమను మాటను పలుకుట సులభము. తన్ను తాను పరిపాలించుకొనుట కష్టము. ఈ రెండింటికిని గల సంబంధమును విచారింపఁగోరువారికి మదనపల్లె మంచి పాఠశాల. 1895లో జిడ్డు కృష్ణమూర్తిగారు జన్మించిన యూరది. 1915లో అనిబిసెంటమ్మగారు కళాశాల నెలకొల్పిన యూరును అదియే. 1916లో హోంరూలు సంఘమును స్థాపించి, మఱుసటి సంవత్సరము నిర్బంధమునకు లోనైన బిసెంటమ్మగారు సంఘబలముచేతనే స్వరాజ్యము సిద్ధించునని నమ్మిరి. ఆమె పెంచిన కృష్ణమూర్తిగారో, ఏ సంఘమును మనుష్యుని సత్యమునకుఁ జేర్పలేదనిరి. 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశమునందలి ఓమెనులో ఆయన చేసిన యుపన్యాసమున ఈ వాదము స్పష్టముగ నున్నది. దాని గుణదోషములను పరిశీలింతము.

ముందుగ దాని పూర్వరంగము. తల్లిని గోల్పోయిన ఈ బాలుని 1909లో అడయారునందలి దివ్యజ్ఞాన సమాజ నాయకులు భావి జగద్గురువునకుఁ దగిన పాత్రముగ నెంచిరి. 1911లో ఆయన పేర నక్షత్ర సంఘ మేర్పడెను. పిమ్మట తండ్రి నారాయణయ్యగారు కుమారులను తనకప్పగింపవలెనని వ్యాజ్యము వేయఁగా, 1913లో మదరాసు న్యాయస్థానము తండ్రి పక్షమునఁ దీర్పు చెప్పెను. 1914లో లండనునందలి ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసెను. బాలుర యిష్టమును తెలిసికొనలేదనుట ఆ తీర్పున ముఖ్యాంశములలో నొకటి. తండ్రి తన హక్కును జూచుకొనెను. పెంచినవారు తమ విశ్వాసమును జూచుకొనిరి. పిల్లవాని మాట యడుగవలెనను తలఁపు ఇరువురికంటె వెనుక న్యాయాధిపతులకుఁ గలిగెను! మన యిండ్లలో చదువుల విషయమునను పెండ్లిండ్ల విషయమునను ఇట్లే జరుగుట లేదా?

అట్టి బాలుఁడు పెద్దవాఁడై, మూడువేలమందికిఁ బైగా సభ్యులయెదుట, బిసెంటమ్మగారి సమక్షముననే, తాను నాయకుఁడుగ నున్న సంఘమును తానే రద్దుచేసెను. సత్యమునకు ఏర్పఱచిన మార్గము లేదనియు, విశ్వాసము ఎవరిది వారిదే యనియు, దానిని సంఘముగఁ గట్టినచో జీవము పోవుననియు, తనకు శిష్యులు వలదనియు ఆయన వాదము. ఈ యుపన్యాసమునందలి గొప్పతనము తర్కమునకంటె త్యాగమునందే యున్నది. త్యజించుటకు తన చేత నేమియు లేనివాఁడు స్వేచ్ఛను బోధించుట యబ్బురము గాదు. పూజలును, ఆస్తులును, వేలకొలఁది భక్తులును కాళ్లకడ నుండఁగా వలదనుటయే అంతరాత్మకుఁ బరీక్ష.

ఐనను ఒక లోపము కలదు. ఊఁతకోలను పాఱవేయుమని చెప్పిన వక్త, నడక నేర్చుట యెట్లో చెప్పలేదు. వివేకము పుట్టుకతోడనే పరిపూర్ణముగ రాదు. దానికి భాష కావలెను. మందలించువారు, వాదించువారు కావలెను. తప్పుచేసి దిద్దుకొనుటకు అవకాశము కావలెను. ఇవియన్నియు పదిమంది కూడిననేకాని సమకూడవు. కృష్ణమూర్తిగారికి చదువు చెప్పించినది సంఘమే. మదనపల్లె సమీపమున ఆయన భావములతో నడచుచున్న ఋషివ్యాలీ పాఠశాలయు ఒక సంస్థయే. కనుక ఆయన చేఁత ఆయన మాటను సవరించుచున్నది.

మదనపల్లె మొదలుకొని పుంగనూరు మీఁదుగ కుప్పము వఱకు మనది వానకెదురుచూచు నేల. ఇచట రైతునకుఁ జెఱువు సంగతి చెప్పనక్కఱలేదు. కట్ట వానను గురిపింపలేదు. కురిసిన వానను నిలుపఁగలదు. సంఘము సత్యమును బుట్టింపఁగలనని విఱ్ఱవీఁగుట నక్షత్ర సంఘమువారి పొరపాటు. వాన కురియుచుండఁగా కట్ట యేలయనుట కృష్ణమూర్తిగారి పొరపాటు.

అంతరాత్మను నమ్మువాఁడు దేశమునకుఁ గొఱగాఁడని కొందఱందురు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లె కళాశాలకు వచ్చి, జనగణమన గీతమును ఆంగ్లమునకు అనువదించిరి. ఏప్రిలులో జలియన్‌వాలాబాగు ఘోరము జరిగెను. మే నెల చివర ఆయన ఒక్కలేఖతో సర్ బిరుదమును వదలుకొనిరి. ఏ సభ తీర్మానమునకును వేచియుండక, తన మనస్సాక్షి చెప్పినది చేసిరి. దానివలన దేశమునకు బలమే కలిగినది.

నేఁడు మనకు స్వపరిపాలనము చేతికి వచ్చినది. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవవంతుకుఁ దక్కువగాకుండ స్థానములను స్త్రీలకుఁ గేటాయించినది. ఇది మంచి కట్ట. కాని సర్పంచిగా నెన్నికైన యిల్లాలు వ్రాలుచేయుచుండ భర్త నిర్ణయములు చేయునెడల, ఇంటి యజమాని చెప్పిన గుర్తుకే ఇల్లెల్ల ఓటువేయునెడల, చెఱువున్నను నీరు లేనట్లే. ఓటు రహస్యముగ నుంచిన చట్టము పోలింగు గదివఱకే మనకుఁ దోడు రాఁగలదు. వంటయింటిలోని భయమును తీర్పలేదు.

కావున చదువరులు ఈ యుపన్యాసమును మెచ్చుకొని యూరకుండక, వచ్చు ఎన్నికలకు ముందు తమ యింట నొకమాట యడిగి చూడవలెను: "నీవెవరికి వేయఁదలఁచితివి? ఏల?" అని కాదు, "నీ యిష్టము వచ్చినట్లు వేయుటకు ఈ యింట నీకేమైన జంకు గలదా?" అని. ఆ ప్రశ్నకుఁ గోడలు నిజము చెప్పఁగల యింటినుండియే స్వరాజ్య మారంభమగును.