ఒక ఇసుక గుంట, ఒక రాతి వంతెన

గోల్ఫు మైదానాన్ని కూడా కావ్యంలా విమర్శించవచ్చునా అని ఎవరైనా అడిగితే స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును చూపిస్తాను. నేను గోల్ఫు కర్ర పట్టినవాణ్ణి కాను. టీవీలో చూసినవాణ్ణి, చదివినవాణ్ణి. తొలిచూపుకు అది అందమైన మైదానమేమీ కాదు. సముద్రపు గాలి, గడ్డి, మిట్టపల్లాలు, అంతే. పద్యంలో యతి ఒక్క అక్షరమే, తప్పితే పాదమంతా కుంటుతుంది. ఈ మైదానం బలమూ అలాంటి చిన్న చోట్లలోనే ఉంది.

పదిహేడో హోలునే తీసుకోండి. దాన్ని రోడ్ హోల్ అంటారు. చివర బంతి పడవలసిన రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక, అంటే గ్రీన్, సన్నగా ఏటవాలుగా ఉంటుంది. వెనక రోడ్డు, ఆ వెనక రాతిగోడ. ముందు ఎడమ పక్కన ఒక ఇసుక గుంట, బంకర్. కొలిస్తే గుంట చిన్నదే. కాని చుట్టూ నేల దానివైపే వాలి ఉంది. అంచేత దూరాన పడిన బంతి కూడా దొర్లుకుంటూ వచ్చి అందులో చేరుతుంది. అసలు కొంచెం, వడ్డీ బోలెడు! 1978 ఓపెన్ పోటీలో జపాన్ ఆటగాడు నకజిమా రెండు దెబ్బల్లోనే గ్రీన్ చేరాడు. మూడోసారి మెల్లగా తోసిన బంతి వాలు పట్టుకుని గుంటలోకి జారింది. పైకి తీయడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. నాలుగింట ముగియవలసిన హోలు తొమ్మిదింట ముగిసింది. ఈ మైదానంలో 112 బంకర్లున్నాయి. 2000 పోటీలో టైగర్ వుడ్స్ నాలుగు రోజులు, 72 హోళ్లు ఆడి ఒక్కదానిలోనూ పడకుండా గెలిచాడు. అందరూ అతని బలాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం అది నేలను అక్షరం అక్షరం చదివినవాడి గెలుపుగానే తోస్తుంది.

లెక్కలవాణ్ణి గనక ఇంకొకటి. ఇక్కడ ఏడు గ్రీన్లను రెండేసి హోళ్లు పంచుకుంటాయి. ఏ జంట సంఖ్యలు కూడినా పద్దెనిమిదే. రెండూ పదహారూ, మూడూ పదిహేనూ, అలా. పోయే హోలుకు తెల్ల జెండా, వచ్చే హోలుకు ఎర్ర జెండా. జెండా రంగు చూడనివాడు పొరుగు రంధ్రానికి గురిపెట్టినా ఆశ్చర్యం లేదు.

ఇక స్విల్కన్ వంతెన. పొడవు సుమారు 30 అడుగులు. ఏడు వందల ఏళ్ల కిందట గొర్రెల కాపరులు మందను వాగు దాటించడానికి కట్టుకున్నదంటారు. ఇప్పుడు ఆటగాళ్లు ఆఖరి హోలుకు దాని మీదుగానే నడుస్తారు. జాక్ నిక్లాస్ 2005లో దానిమీద నిలబడే ఓపెన్‌కు వీడ్కోలు పలికాడు. 2023 ఫిబ్రవరిలో నిర్వాహకులు వంతెన మొదట్లో గుండ్రంగా రాళ్లు పరిచారు. జనం తొక్కిడికి అక్కడ నేల పాడవుతోంది గనక వారి ఇబ్బంది నిజమే. నేనైనా ఆ ఖర్చు మంజూరు చేసి ఉండేవాణ్ణేమో. కాని ఫోటోలు బయటికి రాగానే లోకమంతా గోల పెట్టింది. ఆ గోలను పాతమీది మోజు అని కొట్టిపారేయలేము. పచ్చిక మీంచి నేరుగా రాతిమీదికి అడుగు పడటమే ఆ వంతెన ఇచ్చే అనుభవం. మధ్యలో చప్టా వేస్తే వంతెన చెక్కుచెదరదు గాని, కాపరి దారి కాస్తా ఫోటో తీసుకునే అరుగవుతుంది. కొద్ది రోజుల్లోనే రాళ్లు తీసేసి మళ్లీ పచ్చిక పరిచారు. జనం తొక్కడం మానరు. అరిగినప్పుడల్లా మళ్లీ పరచవలసిందే.