సుత్తి దెబ్బకు పలికే కలప

మంచి కలపను సుత్తితో కొడితే ఖణీమనాలి. బొంగురుగా పలికిందంటే లోపల కుళ్లు మొదలైనట్టే. అప్పుడు ఓడ వడ్రంగి బరమాతో తొలిచి, రాలిన పొట్టు రంగూ వాసనా చూసేవాడు. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో సరుకు ఓడల ఆయుష్షు చాలావరకు ఈ చెవి మీదే, ఈ ముక్కు మీదే నడిచింది.

నడిసంద్రంలో కూడా ఓడ అడుక్కి ఇనుప కడ్డీ దించి, ఎంతమేర తడిసిందో చూస్తుండేవారు. తడి పెరుగుతోందంటే ఎక్కడో అతుకు విడింది. రేవు చేరగానే పాత పీచు పీకేసి, కొత్తది బిగించి కూరి, పైన తారు పోసేవారు. మన తీరాల్లో గుగ్గిలం, నూనె కలిపిన సున్నం ఆ పని చేసేవి.

అన్నిటికన్నా మొండి శత్రువు ఓడపురుగు. నిజానికది ఆల్చిప్పల కుటుంబపు జీవి. సన్నని బెజ్జంలోంచి దూరి లోపలంతా తొలిచేస్తుంది, పైకి పలక నిక్షేపంగా ఉంటుంది! 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలార్మ్' అనే యుద్ధనౌకకు రాగిరేకు తొడిగింది. పురుగు ఆగింది గానీ, ఉప్పునీటిలో రాగి పక్కనున్న ఇనుప మేకులు తినుకుపోయాయి. 1832లో మంట్జ్ అనే ఆయన పేటెంట్ పొందిన రాగి, జింకు మిశ్రమం చౌక కనుక సరుకు ఓడలకు అదే వాడుకైంది. ఏ రేకైనా, దాని కింద పలక ఎలా ఉందో తెలియాలంటే విప్పక తప్పదు.

కలకత్తాకూ ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడలు బాగుచేసే చోటు మన కోరంగి ఒక్కటేనని ఆనాటి పేరు. 1802లో అక్కడ డాక్ కట్టారు. 1839 ఉప్పెన, గోదావరి ఒండ్రు కలిసి ఆ రేవును మింగేశాయి. తెలుగు తీరం పోగొట్టుకున్నవాటిలో ఈ పనితనం చిన్నదేమీ కాదు.

లండన్‌లో ఓడలకు తరగతులిచ్చే లాయిడ్స్ రిజిస్టర్ మొదట్లో ఎక్కడ కట్టారు, ఎన్నేళ్లయింది అనే చూసేది. కంటికి రెప్పలా కాపాడుకున్నా, ఏళ్లు నిండితే అన్నిటికన్నా మేలైన 'ఏ' తరగతి పోయేది. అలాంటప్పుడు మరమ్మతుకు యజమాని డబ్బెందుకు పెడతాడు? ఇది ఓడనే కాదు, వడ్రంగినీ అవమానించే పద్ధతి. నౌకా యజమానుల గోల ముదిరాక, 1834లో సంస్థను మళ్లీ నిలబెట్టి నిబంధనలు మార్చారు. గడువు తీరిన ఓడలో అనుమానం ఉన్నచోట పలకలు విప్పించి సర్వేయరు చూసేవాడు. మరమ్మతు గట్టిగా ఉంటే పోయిన తరగతి తిరిగి దక్కేది.