గోడకో గీత, గుమ్మానికో గీత

ఇంటి ప్లాను చేతికి రాగానే మొదట కనబడాల్సింది గోడ. తర్వాత గుమ్మాలు, కిటికీలు. కొలతలు వెతికితే దొరకాలి గానీ వాటంతట అవే వచ్చి కంట్లో పడకూడదు. ఈ వరుస తప్పిన ప్లాన్లు ఇప్పుడు ఏ సైటుకెళ్లినా కనబడుతున్నాయి. టైల్స్ గీతలు, సోఫా అంచు, బీము గుర్తు, గోడ అన్నీ ఒకే మందం. కొలతల్లో పొరపాటేమీ ఉండదు. అయినా మేస్త్రీ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, ఈ గోడ ఎక్కడిదాకా?" అని అడుగుతాడు. నింద ప్రింటరు మీదికి పోతుంది. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు.

ప్లాను అంటే ఇంటిని నేలకు సుమారు మీటరు ఎత్తున అడ్డంగా కోసి, పైనుంచి చూసిన బొమ్మ. కోతలో తెగిన గోడలకు, స్తంభాలకు అన్నిటికంటే లావు గీత. కోతకు కింద కనబడే వంటగట్టు, మెట్లు, అరుగుల అంచులకు మధ్యరకం. కొలతలు, హ్యాచింగ్, టైల్స్ సన్నగీతలో. తల మీద ఉండే సన్‌షేడు, లాఫ్ట్ లాంటివి సన్నగా, తెగిన గీతలో. సెక్షన్‌కైనా ఇదే పద్ధతి. ఇది కంప్యూటరు తెచ్చిన ఆచారం కాదు, డ్రాయింగు బల్ల మీద పుట్టింది.

ఆ బల్ల దగ్గర మందం పెన్నులోనే ఉండేది. పూర్వం రెండు రేకుల మధ్య సిరా పోసి, మర బిగిస్తే సన్నగా, వదులు చేస్తే లావుగా గీసే రూలింగ్ పెన్ను ఉండేది. 1953లో హాంబర్గ్ కంపెనీ రోట్రింగ్ రాపిడోగ్రాఫ్ తెచ్చాక, గొట్టం మొనే మందాన్ని నిర్ణయించేది. తర్వాత అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన మందాలు ఇవి: 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 మిల్లీమీటర్లు, ఆపైన 1.4, 2.0. ఏ పెన్ను ఏదో మూత దగ్గరి రంగు చెప్పేది. 0.25కి తెలుపు, 0.35కి పసుపు, 0.5కి గోధుమ రంగు, 0.7కి నీలం.

ఈ అంకెలు ఎవరో ఊరికే ఎంచినవి కావు. ప్రతి మందం దాని ముందుదానికి రమారమి 1.4 రెట్లు. ఏ4 నుంచి ఏ3కి, ఏ3 నుంచి ఏ2కి కాగితం పొడవు పెరిగేదీ అదే లెక్కన. ఏ3 బొమ్మను ఏ2కి పెంచి తీస్తే 0.25 గీత 0.35 అవుతుంది. దాని మీద చేత్తో ఏదైనా దిద్దాల్సి వస్తే సరిగ్గా ఆ మందం పెన్ను డబ్బాలో ఉంటుంది. ప్రమాణాలు రాసేవాళ్లను విసుక్కుంటాం గానీ, ఇంత ముందుచూపుకు దణ్ణం పెట్టాలి.

ట్రేసింగ్ పేపరు మీద తప్పు గీత పడితే సగం బ్లేడుతో గీకి తీసేవాళ్లు. ఆ శ్రమ తెలిసినవాడు పెన్ను మార్చే ముందు ఒక క్షణం ఆగేవాడు. పైగా అమ్మోనియా ప్రింటులో నీరసమైన గీత ఉన్నదీ లేనిదీ తెలియకుండా పోయేది.

1982లో కంప్యూటరు మీద గీసే ఆటోక్యాడ్ వచ్చింది. అప్పటి ప్లాటర్లు నిజం పెన్నులతోనే గీసేవి. ఏ పెన్ను పట్టుకోవాలో యంత్రానికి చెప్పడానికి తెర మీది రంగును వాడుకున్నారు. ఎరుపైతే ఒకటో పెన్ను, పసుపైతే రెండో పెన్ను, అలా. తెర మీద ఎరుపంటే ఎర్రగా గీయమని కాదు, ఫలానా మందంలో గీయమని. పెన్ను ప్లాటర్లు పాతసామాన్ల కొట్టుకు చేరినా ఆ అలవాటు పోలేదు. 1999లో విడుదలైన ఆటోక్యాడ్ 2000 గీతకు మందాన్ని సొంత గుణంగా ఇచ్చినా, రంగును బట్టి మందాన్ని నిర్ణయించే సీటీబీ ఫైలే నేటికీ చాలా ఆఫీసుల్లో రాజ్యమేలుతోంది. నాకైతే అందులో తప్పేమీ కనబడదు. తెర మీద రంగులు చూస్తూనే ఏది లావో ఏది సన్నమో డ్రాఫ్ట్స్‌మన్‌కు తెలిసిపోతుంది. చిక్కల్లా ఒక ఆఫీసు రంగుల లెక్క ఇంకో ఆఫీసుకు పనికిరాకపోవడమే.

ఇక అసలు లెక్క. మన ఇళ్లలో లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు, అంటే 115 మిల్లీమీటర్లు. 1:100 స్కేలులో అది కాగితం మీద 1.15 మిల్లీమీటర్లు. దాని రెండంచులకూ 0.7 గీత పెట్టామనుకోండి, మధ్యన మిగిలే తెల్లటి సందు 0.45. భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన 1988 నాటి డ్రాయింగు పుస్తకం ఎస్‌పీ 46, పక్కపక్క గీతల మధ్య సందు 0.7కు తగ్గకూడదంటుంది. కాబట్టి ఆ గోడకు 0.35 చాలు, సందు 0.8 ఉంటుంది. అదే 1:50 ప్లానులో గోడ 2.3 మిల్లీమీటర్లు కనుక 0.7 గీత దర్జాగా ఇముడుతుంది. అంటే గోడ గీత మందం ఇదీ అని శాశ్వతంగా చెప్పలేం, స్కేలు చూసుకోవాలి. లావు గీత సన్నగీతకు కనీసం రెండు రెట్లుండాలన్నది అదే పుస్తకం చెప్పే ఇంకో మాట. షీటుకు నాలుగు మందాలు మించితే చూసే కంటికి తేడా తెలియదని నా అభిప్రాయం.

ఏ1 కోసం గీసిన 1:50 ప్లానును "ఫిట్ టు పేపర్" నొక్కి ఏ4 మీదికి దించేస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. బొమ్మ దాదాపు 2.8 రెట్లు కుంచించుకుపోతుంది, గీత మాత్రం 0.7 దగ్గరే ఉంటుంది. 0.8కి దిగిన గోడలో 0.7 గీతలు రెండు! గోడ మొత్తం నల్లబారుతుంది. లేఅవుట్ నుంచి తీసేటప్పుడు "స్కేల్ లైన్‌వెయిట్స్" టిక్ పెడితే గీతలూ తగ్గుతాయి. అప్పుడు 0.18 గీత 0.06కి పడిపోయి కొలతలు కనబడవు. ఏ4 కావాలంటే దానికి వేరే లేఅవుట్, వేరే సీటీబీ పెట్టుకోవడమే మార్గం.

మందం 0.00 అంటే గీత ఉండదని కాదు, ఆ యంత్రం గీయగలిగినంత సన్నగా గీస్తుంది. అంగుళానికి 600 చుక్కల ప్రింటరులో ఒక్క చుక్క 0.04 మిల్లీమీటరు. అంత సన్నని గీత సైటులో ఎండకు ఎవరికీ కనబడదు. సన్నగీతకు బూడిద రంగు ఇవ్వడమూ ఇలాంటిదే. ప్రింటరు నల్ల చుక్కలు ఎడంగా చల్లి బూడిద రంగు తెస్తుంది కాబట్టి, మూడు చుక్కల వెడల్పుండే 0.13 గీత ముక్కలు ముక్కలవుతుంది.

ప్రింటింగ్ షాపుకు ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ఫైలు ఒక్కటే పంపితే వాళ్ల కంప్యూటరులో మన సీటీబీ ఉండదు, ప్రింటు ఎలా వస్తే అలా. పీడీఎఫ్ పంపడం క్షేమం. ఆ పీడీఎఫ్‌ను తెర మీద చూసి మాత్రం నమ్మొద్దు. అడోబీ రీడర్‌లో సన్నగీతలను ఉబ్బించి చూపే సెట్టింగు ముందే ఆన్ అయి ఉంటుంది. ఆటోక్యాడ్ మోడల్‌లో చూపించే మందమూ అంతే, జూమ్ ఎంత చేసినా గీత అన్నే పిక్సెళ్లుంటుంది.

కొత్త ప్లాటరు దగ్గరికి వెళ్లినప్పుడు 0.13 నుంచి 0.7 దాకా వరుసగా గీతలు, వాటి పక్కన సందు తగ్గుతూ పోయే జంట గీతలు ఉన్న ఏ4 ఒకటి తీయించి చూడండి. 0.13కీ 0.18కీ తేడా కనబడకపోతే, ఆ షాపు కోసం సన్నగీతను 0.18తో మొదలుపెట్టిన ఇంకో సీటీబీ దాచుకోండి. మిగతావి ఒక్కో మెట్టు పైకి జరపొచ్చు. 1:100లో నాలుగున్నర అంగుళాల గోడ గీత మాత్రం 0.35 దాటకూడదు.