సంతకం వెనక పనితనం

1995 ఆగస్టులో ఒక సాయంత్రం. పారిస్‌లో ఒక హోటల్ ముందు విలేకరులు కాపు కాశారు. లోపలున్న యాభై మూడేళ్ల స్కాట్లండ్ పెద్దమనిషి వంటింటి దారిన వెనకవైపు బయటపడి, సిద్ధంగా ఉన్న మోటార్‌సైకిల్ వెనక సీటెక్కి మాయమయ్యాడు. ఆయన మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్. అలిగి ఇంగ్లండ్ వదిలేసి వచ్చిన తన ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు ఎరిక్ కాంటోనాను వెనక్కి తీసుకుపోవడానికి వచ్చాడు.

మేనేజర్ గొప్పతనం చెప్పాలంటే చాలామంది వ్యూహాల బొమ్మలు గీస్తారు. నాకైతే ఆ ఏడాది జనవరికీ అక్టోబరుకీ మధ్య, ఒక్క మనిషి విషయంలో ఫెర్గూసన్ చేసిన పనిలోనే ఆయన హస్తవాసి పూర్తిగా కనిపిస్తుంది.

కథ మొదలైంది జనవరి 25న, దక్షిణ లండన్‌లోని సెల్‌హర్స్ట్ పార్క్‌లో. క్రిస్టల్ ప్యాలెస్ డిఫెండర్ రిచర్డ్ షాను తన్నినందుకు రెఫరీ కాంటోనాకు ఎర్రకార్డు చూపించాడు. మైదానం అంచున నడిచి వెళుతుంటే ప్రేక్షకుల్లోంచి ఒకడు నోరు పారేసుకున్నాడు. కాంటోనా అడ్డుగా ఉన్న బోర్డుల మీదుగా ఎగిరి అతన్ని తన్నాడు, ఆపైన గుద్దాడు. క్లబ్ వెంటనే రెండు వారాల జీతం జరిమానా వేసి, సీజన్ చివరిదాకా ఆడొద్దంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మరో పదివేల పౌండ్లు వేసి, నిషేధాన్ని సెప్టెంబరు 30 దాకా పొడిగించింది. క్రోయ్‌డన్ కోర్టు రెండు వారాల జైలు విధిస్తే, అప్పీలులో అది 120 గంటల సమాజ సేవగా మారింది.

పాత చిట్టా చూసినా భయపడాల్సిందే. 1991 డిసెంబరులో ఫ్రాన్స్‌లో రెఫరీ మీదికి బంతి విసిరాడు. విచారణ కమిటీ సభ్యుల్ని ఒక్కొక్కరినీ పేరుపేరునా మూర్ఖుడన్నాడు. శిక్ష రెట్టింపయ్యేసరికి ఆటకే స్వస్తి అన్నాడు. మనసు మార్చుకుని ఇంగ్లండ్ వచ్చాకా అంతే. 1994 మార్చిలో మూడు రోజుల తేడాతో రెండు ఎర్రకార్డులు. ఇలాంటివాడితో మళ్లీ ఒప్పందమా? అడిగినవాళ్లది తప్పేమీ కాదు.

జవాబు కావాలంటే అతని కోపాన్ని కాసేపు పక్కన పెట్టి పనిని చూడాలి. 1992 నవంబరులో లీడ్స్ క్లబ్ వాళ్లు యునైటెడ్ డిఫెండర్ డెనిస్ ఇర్విన్‌ను అమ్ముతారా అని ఫోన్ చేశారు. కుదరదన్న యునైటెడ్, ఎదురు వాళ్ల ఆటగాడు కాంటోనా సంగతి అడిగి 12 లక్షల పౌండ్లకు కొనేసింది. శిక్షణలో మొదటి రోజే అందరూ సర్దుకుని పోతుంటే, సాధనకు తనకింకా ఇద్దరు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపరు కావాలన్నాడట కాంటోనా. అప్పటి కుర్రాళ్లు బెక్‌హమ్, స్కోల్స్, నెవిల్ సోదరులు అది చూసి తామూ మైదానంలో ఆగడం నేర్చుకున్నారు. సాధన ముగిశాక చేసేదే అసలు సాధన అని వాళ్లకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

రెండు నెలలు తిరక్కుండానే, 1993 జనవరిలో టాటెన్‌హమ్ మీద, లీడ్స్ అడిగిన ఆ ఇర్విన్‌కే కాంటోనా ఒక పాస్ ఇచ్చాడు. డిఫెండర్ల తలల మీదుగా మెత్తగా లేపిన బంతి, పరిగెత్తుతున్న ఇర్విన్ ముందు అడుగు కూడా మార్చుకోనక్కర్లేకుండా వాలింది. గోల్. తన గోల్స్ అన్నిటికన్నా ఆ పాసే ఇష్టమని కాంటోనా తర్వాత చెప్పుకున్నాడు. ఆ సీజన్లో యునైటెడ్ ఇరవై ఆరేళ్ల తర్వాత లీగ్ గెలిచింది.

ఫెర్గూసన్ తూచింది ఇక్కడే. కాంటోనాకు తన కోపం మీద అదుపు లేదు, కానీ పని మీద భక్తి ఉంది. ఇంటర్ మిలాన్ కాచుకుని ఉన్నా, నిషేధం నడుస్తుండగానే, ఏప్రిల్‌లో కొత్త ఒప్పందం మీద అతని చేత సంతకం చేయించాడు.

అయినా ఆగస్టులో వ్యవహారం మళ్లీ బెడిసింది. డబ్బు దగ్గర కాదు. మ్యాచులు లేని మనిషి ఆట మొద్దుబారకుండా, క్లబ్ తన శిక్షణ మైదానంలో తలుపులు మూసి రోచ్‌డేల్‌తో సాధన మ్యాచ్ ఆడించింది. ఇది నిషేధాన్ని దాటడమా అంటూ ఫుట్‌బాల్ సంఘం వివరణ కోరింది. కాంటోనా ఇక చాలన్నాడు. మ్యాచులు తీసేస్తే ఓర్చుకున్నాడు, సాధన కూడా తీసేస్తారంటే తట్టుకోలేకపోయాడు. ఫెర్గూసన్‌కు ఈ తేడా తెలుసు. అందుకే పారిస్‌లో ఆ రాత్రి ఒప్పందంలోని షరతులు చదివి వినిపించలేదు. ఖాళీ చేయించిన రెస్టారెంట్‌లో కూర్చుని ఇద్దరూ పాత గొప్ప మ్యాచుల గురించి చెప్పుకున్నారు. ఏప్రిల్‌లో కాగితం మీద పడ్డ సంతకం ఆ భోజనం బల్ల దగ్గర నిలబడింది.

దీన్ని మెతకతనం అనుకుంటే పొరపాటు. అదే వేసవిలో ఫెర్గూసన్ పాల్ ఇన్స్‌ను ఇంటర్ మిలాన్‌కు, మార్క్ హ్యూస్‌ను చెల్సీకి, ఆంద్రే కాంచెల్‌స్కిస్‌ను ఎవర్టన్‌కు పంపేశాడు. ముగ్గురూ టైటిళ్లు తెచ్చినవాళ్లే, ముగ్గురిలో ఎవరూ ప్రేక్షకుణ్ణి తన్నలేదు. వాళ్ల చోటికి కుర్రాళ్లొచ్చారు. ఆ కుర్రాళ్ల మధ్య నిలబడి పని చేసి చూపించే పెద్ద ఒకడు కావాలి. వాళ్లకు ఆలస్యంగా ఇళ్లకు వెళ్లడం నేర్పినవాడికన్నా తగినవాడెవరు? కాంటోనాను ఉంచుకోవడం ఒక మనిషి మీద జాలితో చేసింది కాదు, కొత్త జట్టు కట్టడంలో అదొక భాగం.

అక్టోబరు 1న, నిషేధం తీరిన మర్నాడే, లివర్‌పూల్‌తో మ్యాచ్. రెండో నిమిషంలోనే కాంటోనా అందించిన బంతిని నికీ బట్ గోల్ చేశాడు. తర్వాత పెనాల్టీతో కాంటోనాయే స్కోరు 2-2 చేశాడు. మరుసటి జనవరిలో లీగ్‌లో న్యూకాజిల్ 12 పాయింట్ల ముందుంది. మార్చి 4న ఆ ఊళ్లోనే, ఎడమవైపు నుంచి ఫిల్ నెవిల్ వేసిన బంతిని కాంటోనా నేలపడనివ్వకుండా తన్నాడు. బలంగా కాదు, కిందికి, గోల్‌కీపరుకు అవతలివైపు. ఆ మార్చిలో ఆడిన నాలుగు లీగ్ మ్యాచుల్లో యునైటెడ్ చేసినవి నాలుగే గోల్స్. నాలుగూ అతనివే. టైటిల్ వచ్చింది.

మే 11న ఎఫ్.ఏ. కప్ ఫైనల్ చివర్లో, బెక్‌హమ్ కార్నర్‌ను లివర్‌పూల్ గోల్‌కీపరు పిడికిలితో నెట్టాడు. బంతి కాంటోనా వైపు కాస్త ఎత్తులో వచ్చింది. వెనక్కి అడుగులేస్తూ, ఒంటిని వాల్చి, గుంపు సందుల్లోంచి గాల్లోనే కొట్టాడు. ఆ ఒక్క గోల్‌తో కప్పు వచ్చింది. ఆ వెనకడుగుల్ని అప్పటికప్పుడు పుట్టిన మెరుపు అనబుద్ధి కాదు. మొదటి రోజు అదనంగా అడిగిన ఆ గోల్‌కీపరు ముందు ఇలాంటి బంతులెన్ని కొట్టి ఉంటాడో!

కాంటోనా తన్నిన తన్ను మాత్రం తప్పే. ఎన్ని కప్పులొచ్చినా అది ఒప్పు కాదు. అయితే క్లబ్ దాన్ని దాచలేదు. అందరికన్నా ముందు తానే శిక్ష వేసింది, శిక్ష పూర్తయ్యేదాకా ఆగింది. తిరిగొచ్చాక యునైటెడ్ చొక్కాలో అతను మళ్లీ ఎర్రకార్డు చూడలేదు. అతనున్న ఐదు సీజన్లలో నాలుగు లీగ్ టైటిళ్లొచ్చాయి. ఒక్క పాయింట్ తేడాతో చేజారిన ఐదోది, అతను లేకుండా ముగించిన సీజనే.

1997 మేలో, ముప్పై ఏళ్లకే, ఒప్పందం ఇంకా మిగిలుండగా, కాంటోనా ఆట చాలించాడు. ఈసారి కోపంతో కాదు. క్లబ్ కూడా కాగితం అడ్డం పెట్టలేదు. శిక్షణ మైదానంలో అందరూ వెళ్లాక ఆగే అలవాటు మాత్రం ఆ కుర్రాళ్ల దగ్గర ఉండిపోయింది.